పొద్దున నీచు, సాయంత్రం పూలు

సత్యవాణికి సైకిలు తొక్కడం రాదు. పెళ్ళయిన కొత్తలో నేర్పిస్తానని పెదబాబు ఆమెని కాలవ గట్టు మీద సైకిలెక్కించాడు. ఎదురుగా గేదె వచ్చింది. గేదె తప్పుకోలేదు. ఈవిడే తప్పుకోబోయి తుమ్మపొదలో పడింది. ఆ చదువు అక్కడితో ఆగిపోయింది. అయినా ఆ ఇంట్లో సైకిలు సంగతి ఏది తెలియాలన్నా ఆమెనే అడగాలి. తొక్కేది పెదబాబు, తోమేది సత్యవాణి.

సైకిలు ఒకటే, బేరాలు రెండు. తెల్లారకుండానే పెదబాబు దాని మీద నరసాపురం వెళ్ళి, రేవులో చేపలు కొని, పూలపల్లి, దిగమర్రు, ఆ చుట్టుపక్కల వీధులన్నీ కేకేసుకుంటూ తిరుగుతాడు. పొద్దు వాలాక అదే సైకిలు సత్యవాణి చేతికొస్తుంది. పొద్దున చేపల థర్మాకోలు పెట్టె ఉండే క్యారేజీ మీదికి వెదురు బుట్ట ఎక్కుతుంది. బుట్టలో అరటాకు, ఆకు మీద చేమంతి దండలు, కనకాంబరాలు, కాగడా మల్లెలు, మరువం, పైన తడిగుడ్డ. ఆవుని తోలుకెళ్ళినట్టు హ్యాండిలు పట్టుకుని పక్కన నడుస్తూ, పాలకొల్లు బజారు వెనక వీధుల్లో వాడుక ఇళ్ళకి పూలు వేసి వస్తుంది.

ఈ రెండు బేరాలకీ మధ్య ఉన్నదల్లా ఆమె చేతులూ, కాలవ నీళ్ళూ.

ఎండ నడినెత్తికొచ్చే వేళకి పెదబాబు ఇల్లు చేరతాడు. పెట్టె కట్టిన ట్యూబు ముక్క విప్పి, పెట్టె దించి, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూచుంటాడు. అప్పటికి సైకిలు తీరు చూడాలి. ఐసు కరిగిన నీళ్ళు క్యారేజీ మీంచి మడ్‌గార్డు మీదికీ, అక్కణ్ణించి ఊచల మీదికీ కారి తెల్లటి చారలు కట్టి ఉంటాయి. చేప పొలుసులు ఊచలకి అతుక్కుని ఎండలో తళతళమంటుంటాయి.

"ఇయ్యాల అద్దాల చీర కట్టించావు దీనికి," అంటుంది సత్యవాణి.

"సావడాలైతే పొలుసుండదే, ఇయ్యాల మొత్తం కానాగంత చేపలే దొరికాయి మరి," అంటాడు పెదబాబు ముద్ద కలుపుకుంటూ. పొలుసు ఎక్కువుంటే తన తప్పు కాదని ముందే చెప్పుకోవడం ఆయనకి అలవాటు.

ఆమె సైకిల్ని ఇంటి ముందు కాలవ రేవు దగ్గరికి నడిపించుకెళ్ళి తలకిందులు చేస్తుంది. సీటూ హ్యాండిలూ నేలకి ఆని, చక్రాలు రెండూ ఆకాశంలోకి లేస్తాయి. ఈ తలకిందులు చేయడంలోనే ఆమె నడుము సగం విరుగుతుంది. ఆ తర్వాత అంతా ఒక వరసలో సాగుతుంది. ముందు క్యారేజీ, ఎందుకంటే మురికంతా దిగేది అక్కణ్ణించే. కొబ్బరి పీచుకి బూడిద అద్ది కడ్డీల మూలల్లో తోముతుంది. పులుసుకి పిసికిన చింతపండు పిప్పి పారేయకుండా దాచి, దానితో మడ్‌గార్డు రుద్దుతుంది. ఆ తర్వాత ఊచలు, ఒక్కొక్కటీ విడిగా. రెండు ఊచలు కలిసే చోట పొలుసు ఇరుక్కుంటుంది. దానికి గోరే గతి. చివర చెంబుతో నీళ్ళు కొట్టి, వెనక చక్రాన్ని అరచేత్తో ఒక్క తిప్పు తిప్పుతుంది. తుంపరలు గుండ్రంగా లేచి గట్టు మీద పడతాయి. ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటుంది. మొదట ఆ చప్పుడు తడిగా, ముద్దగా ఉంటుంది. తిప్పగా తిప్పగా పొడి పొడిగా తేలుతుంది. ఆ పొడి చప్పుడు వినబడితే పని అయినట్టు. అప్పుడు ఆమె ఓ నిమిషం ఊరికే కూచుంటుంది. చక్రం దానంతటది నెమ్మదించి ఆగేదాకా చూస్తుంది. రోజు మొత్తమ్మీద ఎవరికీ ఏమీ అందించక్కర్లేని నిమిషం అదొక్కటే.

మళ్ళీ రేపు మధ్యాహ్నానికి ఇదే సైకిలు, ఇవే చారలు. తోమిన గిన్నె కనీసం బోర్లించిన చోట ఓ పూట ఉంటుంది. సైకిలు అలా కూడా ఉండదు.

సత్యవాణి పుట్టింది నరసాపురం అవతల సముద్రం వైపు. వాళ్ళమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. బళ్ళో పక్కన కూచున్న పిల్లలు ముక్కులు మూసుకుంటే, ఎందుకు మూసుకుంటున్నారో ఈమెకి నిజంగానే తెలిసేది కాదు. నీళ్ళలో చేపకి తడి తెలుస్తుందా? ఇప్పటికీ అంతే. మరువం వాసన తెలుస్తుంది, చెడిన కాగడా తెలుస్తుంది, నీచు వాసన మాత్రం తెలియదు. అందుకే ఆమె ముక్కుని నమ్ముకోదు. వరసని నమ్ముకుంటుంది. వరసలో ఏదీ తప్పలేదంటే వాసన లేనట్టే లెక్క.

చైను మాత్రం ఆ వరసలో లేదు. నూనె పెట్టే చోటు కడిగితే పాడవుతుందని పెదబాబు మొదట్లోనే చెప్పాడు. చైనూ, దాని నూనే ఆయన వంతు.

వాడుక ఇళ్ళలో పెద్దది కన్యకాపరమేశ్వరిగారిది. వాళ్ళది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. ఆవిడ భర్త గున్నేశ్వరరావుగారు దుకాణం చూసుకుంటే, ఇల్లూ పూజా ఈవిడ చూసుకుంటారు. మొదటి రోజే ఆవిడ గుమ్మంలో నిలబెట్టి తేల్చి చెప్పేశారు.

"చూడు సత్యవాణీ. మీ ఆయన ఈ సైకిలు మీదే చేపలమ్ముతాడని నాకు తెలుసు. ఎవరి కష్టం వాళ్ళది, నాకేం పట్టింపు లేదు. దేవుడి పువ్వుకి మాత్రం నీచు తగలకూడదు. తగిలిన రోజున మాటా మాటా అనుకోవద్దు, మానేద్దాం."

"అలాగేనండి అమ్మగారూ," అంది సత్యవాణి.

ఆ మాట మీద ఆ వాడుక ఏళ్ళుగా నడుస్తోంది. ఆ ఇంట్లో వేయించుకుంటున్నారని తెలిసి ఆ వీధిలో తక్కిన ఇళ్ళూ వచ్చాయి. పోతే అన్నీ అలాగే, ఒకదాని వెంట ఒకటి పోతాయని ఆమెకి తెలుసు.

పైగా శ్రావణమాసం. శ్రావణంలో పాలకొల్లు చుట్టుపక్కల సగం ఇళ్ళలో నీచు వండరు. పెదబాబు పెట్టె నింపుకెళ్ళి సగం పెట్టెతోనే తిరిగొస్తాడు. ఇల్లు నడిచేదంతా పూల మీద. కార్తీకంలోనూ ఇంతే. ఏడాదిలో ఆ రెండు నెలలూ సైకిలు పెదబాబుది కాదు, సత్యవాణిది.

ఆ సోమవారం బుట్ట నిండుగా ఉంది. చైను వదులై దారిలో రెండుసార్లు జారింది. ఆషాఢం నుంచీ దానికిదే రోగం. సత్యవాణి వంగి, వేళ్ళతో చైను లాగి పళ్ళ మీద కూచోబెట్టి, హ్యాండిలుకి కట్టుకున్న గుడ్డతో చెయ్యి తుడుచుకుని నడిచింది. కన్యకాపరమేశ్వరిగారి గుమ్మం ముందు స్టాండు వేసి, చేమంతి దండని మోచేతి నుంచి వేలి కొసదాకా కొలుస్తూ మూరలు లెక్కపెడుతోంది. పూలు తీసుకోవడానికి కోడలు ప్రసన్నలక్ష్మి బయటికొచ్చింది. ఆ అమ్మాయికి మూడో నెల, వేవిళ్ళు. దండ చేతిలోకి తీసుకుంది. మొహం తెల్లబడింది. దండని అరుగు మీద పడేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

పెరట్లోంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు గుమ్మం దాకా వినబడింది.

కన్యకాపరమేశ్వరిగారు వచ్చి దండ ఎత్తారు. ముక్కు దగ్గర పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకి చూశారు.

"పిల్ల వేవిళ్ళతో ఉంది, అన్నిటికీ అలాగే చేస్తోంది, నిజమే. కానీ ఇక్కడ వాసన ఉంది సత్యవాణీ. మొన్నా ఒకసారి తగిలింది. వానాకాలం కదా, కాలవ వాసనేమో అని ఊరుకున్నాను."

"కడిగానండి. ఎప్పటిలాగే కడిగానండి."

"కడగలేదని నేనన్లేదు." ఆవిడ దండ తిరిగి బుట్టలో పెట్టారు. "ఈ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. అమ్మవారికి పెద్ద దండ, పేరంటాళ్ళకి పూలు అన్నీ నీకే చెప్పాలనుకున్నాను. ఈలోగా వాసన పోతే సంతోషం. పోకపోతే బజార్లో తెప్పించుకుంటాం. వ్రతానికి పనికిరాని పువ్వు రోజువారీ దీపానికి మాత్రం ఎలా పనికొస్తుంది, నువ్వే చెప్పు."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది సత్యవాణికి. తిట్టినవాళ్ళతో బతిమాలుకోవచ్చు.

మంగళవారం ఆమె వంటింట్లో చేపల గిన్నెకి వాడేవన్నీ రేవుకి మోసుకొచ్చింది. పసుపు, సెనగపిండి, నిమ్మచెక్కలు, పుల్లమజ్జిగ, రాళ్ళుప్పు. హ్యాండిలు గ్రిప్పులు పీకి కుంకుడు రసంలో నానేసింది. సీటు కవరు విప్పి ఉతికింది. బెల్లు డిప్ప విప్పి లోపల తుడిచింది. పెదబాబు అన్నం తిని గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"ఏంటే, పులుసు పెడతావా దాన్ని?"

"వాసనొస్తోందట. వాడుక మానేస్తామంటున్నారు."

"మొన్నటిదాకా రాని వాసన ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది? ఆ అమ్మాయి కడుపులో ఉంది వాసన, సైకిల్లో లేదు."

కాలవ అవతలి ఒడ్డున అతని తమ్ముడు చినబాబు తాటిదోనెలో కూచుని వల విదిలిస్తున్నాడు. తాటిమాను తొలిచి చేసిన ఆ చిన్న దోనె మీదే అతని బతుకు. అక్కణ్ణించే కేకేశాడు.

"వదినా, ఉప్పు సరిపోయిందో లేదో చూశావా?"

"నువ్వొచ్చి చూడు మరిదీ. ముందు నిన్నే పడేస్తాను పులుసులోకి."

నవ్వింది గానీ ఆమె చేయి ఆగలేదు. ఆ సాయంత్రం సైకిలు పెళ్ళికి ముస్తాబు చేసినట్టుంది. రిమ్ముల్లో మొహం కనబడుతోంది. మజ్జిగ పెట్టిన హ్యాండిలు కొత్త వెండిలా ఉంది. ఆ మెరుపు చూస్తే ఆమెకి ధైర్యం వచ్చింది.

బుధవారం కూడా అన్నీ అలాగే తోమి బయల్దేరింది. కన్యకాపరమేశ్వరిగారి వీధి మలుపులో చైను మళ్ళీ జారింది. ఎక్కించింది. చెయ్యి తుడుచుకుంది. గుమ్మం దగ్గర దండ తీసి పట్టుకుంది. ప్రసన్నలక్ష్మి ఈసారి దగ్గరికే రాలేదు. ద్వారబంధం దగ్గరే కొంగు ముక్కుకి పెట్టుకుని నిలబడింది.

"ఉందండి. అలాగే ఉంది. ఏమీ అనుకోకండి."

సత్యవాణి దండ బుట్టలో పెట్టేసింది. ఇంటికి పోదామని స్టాండు తీయబోయింది. తీయలేదు. ఇంటికెళ్ళి మళ్ళీ ఏం కడగాలో ఆమెకి తోచలేదు.

"చిన్నమ్మగారూ, ఒక్క మాటండి. నాకు ఆ వాసన తెలియదండి. పుట్టినప్పట్నించీ అందులోనే ఉన్నాను, ఎక్కడుందో నా ముక్కు చెప్పదు. మీకు తెలుస్తోంది కదండి. అదెక్కడుందో కాస్త చూసి చెబుతారా?"

"ఏంటి, సైకిల్ని వాసన చూడాలా?" అన్నారు లోపల్నించి వస్తూ కన్యకాపరమేశ్వరిగారు.

"అవునండి. కష్టంగా ఉంటే వద్దులెండి."

ప్రసన్నలక్ష్మి అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఏదో అనబోయి, కోడలికే నవ్వొస్తుండటం చూసి ఊరుకున్నారు. ఆ అమ్మాయి మెట్లు దిగింది. ఒక చేత్తో నిమ్మకాయ పట్టుకుంది, తట్టుకోలేకపోతే వాసన చూడ్డానికి. ముందు హ్యాండిలు దగ్గర వంగింది.

"ఇక్కడ మజ్జిగ వాసన."

"పెట్టానండి."

సీటు దగ్గర కుంకుడుకాయ. క్యారేజీ దగ్గర అరటాకు. మడ్‌గార్డు దగ్గర ఏమీ లేదు. ఎదురింటి అరుగు మీద కూచున్న ముసలాయన కళ్ళజోడు సర్దుకుని మరీ చూస్తున్నాడు. ప్రసన్నలక్ష్మి చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఇంకా కిందికి వంగింది. చటుక్కున వెనక్కి లేచి నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుంది.

"ఇదే. చైను."

"చైనా?" అంది సత్యవాణి. "అది నూనె కదండీ."

"నూనేనండి. చేపనూనె. నాకు బాగా గుర్తు. చిన్నప్పుడు మా అమ్మ రోజూ ఒక గోళీ మింగించేది. ఒకసారి నోట్లోనే పగిలింది. అచ్చం ఇదే."

కన్యకాపరమేశ్వరిగారు కోడలి వైపు తిరిగారు. "చేపనూనె గోళీలా? మీ ఇంట్లోనా?"

"డాక్టరు రాశాడండి అత్తయ్యగారూ. కళ్ళకి."

"మందుకి దోషం లేదులే," అని, ఎదురింటి ముసలాయన వైపు చూసి, కాస్త గట్టిగా మళ్ళీ అన్నారు. "మందుకి దోషం లేదు."

సత్యవాణి తన కుడిచేతి వేళ్ళ వైపు చూసుకుంది. జారిన ప్రతిసారీ చైను ఎక్కించిన వేళ్ళు అవే. తర్వాత మూరలు కొలిచిన వేళ్ళూ అవే.

ఇంటికొచ్చాక చూరు కింద వెతికింది. పాత వలల వెనక తుప్పు పట్టిన డబ్బా ఒకటి దొరికింది, మూత చుట్టూ గుడ్డ పీలిక. అదేమిటో ఆమెకి విప్పకుండానే తెలుసు.

పెదబాబు తండ్రికి చెక్క నావ ఉండేది. ఏటా వేట లేని రోజుల్లో దాన్ని ఒడ్డుకి లాగి బోర్లించి, కొడుకులిద్దరిచేతా సొరచేప నూనె పట్టించేవాడు. సొరనూనె పట్టిన చెక్కని ఉప్పునీరు తినదు. ఫైబరు బోట్లు వచ్చాక ఆ నావ పలకలు పలకలుగా అమ్ముడుపోయింది. పెద్దాయన పోయాడు. డబ్బా అడుగున నూనె మిగిలింది.

"ఇది వేశావా చైనుకి?" అని అడిగింది పెదబాబు రాగానే.

"ఆషాఢంలో వేశాను. వానకి ఒకటే కిర్రుమంటుంటే. ఏం, ఇప్పుడు అరుస్తోందా?"

"అరవట్లేదు. కంపు కొడుతోంది."

పెదబాబు డబ్బా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. మూత గట్టిగా బిగించాడు, అప్పటికే బిగిసి ఉన్నదాన్ని.

"మనకి తిండి పెట్టే దానికి ఇదే రాయాలనేవాడు నాన్న. ఏళ్ళ తరబడి సముద్రంలో ఉన్న నావని కాపాడింది ఇది. నీకు కంపయిందా?"

"కాపాడలేదన్నానా మావా? వాసన వస్తుందంటున్నాను."

"నీకు వచ్చిందా?"

"నాకెలా వస్తుంది?"

"నాకూ రాలేదు."

పెదబాబు డబ్బా పక్కన పెట్టుకుని కంచం ముందు కూచున్నాడు. అప్పుడన్నాడు. "అయితే పూలు మానెయ్. సైకిలు నాది."

"శ్రావణంలో నీ చేపలెవరు కొంటున్నారు?"

అనేశాక ఆమెకి అనకుండా ఉండాల్సిందనిపించింది. నిజమైనా సరే, అన్నం ముందు కూచున్న మనిషిని అనే మాట కాదు. పెదబాబు గబగబా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, డబ్బా తన మంచం కింద పెట్టుకుని పడుకున్నాడు.

గురువారం పొద్దున ఆయన నరసాపురం వెళ్ళలేదు. సత్యవాణి లేచేసరికి సైకిలు బయటికి తీసి నిలబెట్టి ఉంచాడు.

"పద, పల్లంరాజు దగ్గరికి. చైను వదులైంది, ఒక లింకు తీయించాలి. నూనె సంగతి నువ్వే చెప్పుకో."

పల్లంరాజు సైకిలు షాపు వంతెన దిగువన ఉంది. ఇప్పుడు సైకిళ్ళకంటే మోపెడ్లకి పంక్చర్లే ఎక్కువ వేస్తున్నాడు. చైను ఊడదీసి, పెట్రోలు పోసిన డొక్కు డబ్బాలో పడేశాడు. నల్లటి జిడ్డు నీడలా విడిపోయింది. బ్రష్షుతో రుద్దే పని సత్యవాణి అడిగి తీసుకుంది. చైను ఆమె చేతికి ఇలా రావడం అదే మొదటిసారి. లింకుకీ లింకుకీ మధ్య ఇరుక్కున్న మురికి చూస్తే, ఇన్నాళ్ళూ ఇల్లంతా ఊడ్చి మంచం కింద వదిలేసినట్టనిపించింది. ఒక్కొక్క లింకు బయటపడుతుంటే అడుగున ఉక్కు రంగు తేలింది. ఊచల్ని తోమడం కంటే ఇదే బాగుందనుకుంది. ఊచలకి రోజూ తెలిసిన మురికే. ఇది తెలియని మురికి.

పల్లంరాజు ఒక లింకు కొట్టి తీసి, చైను బిగించి, మెషినాయిలు డబ్బా అందుకున్నాడు.

"అది వద్దండి," అంది సత్యవాణి. సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. "చైను జారితే ఎక్కించేది నేను. ఆ చేత్తోనే పూలు కొలవాలి. కొబ్బరినూనె అంటితే ఎవరూ ఏమనుకోరు. దేవుడి దీపానికీ పోస్తారు, జడకీ రాస్తారు."

"దుమ్మంతా పడుతుందమ్మా. నాలుగు రోజులకి జిగురు కడుతుంది. చలికాలం పేరుకుంటుంది కూడా."

"తుడుచుకుంటానండి."

"రోజూనా?"

"అన్నీ రోజూనే కదండి."

పల్లంరాజు పెదబాబు వైపు చూశాడు. పెదబాబు సీసా వైపు చూశాడు.

"రాసెయ్ రాజూ. ఆనక దువ్వెన పెట్టి దానికి జడ కూడా వేస్తుందిలే."

సత్యవాణి నవ్వలేదు గానీ, నిన్న రాత్రి మాట అక్కడితో ముగిసిందని తెలుసుకుంది.

ఆ సాయంత్రం వ్రతం దండ కడుతూ గుమ్మంలో కూచుంది. తెల్ల చేమంతి, మధ్యలో మరువం, కుచ్చు దగ్గర కనకాంబరాలు. కాలవ అవతల చినబాబు దోనె ఒడ్డున బోర్లించి ఉంది. దాని పక్కన అన్నదమ్ములిద్దరూ గొంతుక్కూచుని ఉన్నారు. పెదబాబు గుడ్డ పీలిక సొరనూనె డబ్బాలో ముంచి, దోనె వీపు మీద పొడుగ్గా లాగి రాస్తున్నాడు. మళ్ళీ ముంచుతున్నాడు. అడుగు దాకా తోడి రాస్తున్నట్టున్నాడు, డబ్బా ఒంచి పట్టుకున్నాడు. తాటిచెక్క నూనె తాగి నల్లగా నిగనిగలాడుతోంది. ఇవతలికి ఏ వాసనా రాలేదు. వచ్చినా తనకి తెలియదు కదా అనుకుని దండ కుచ్చు బిగించింది.

శుక్రవారం పొద్దున్నే సైకిలు పూలకే. పెదబాబు బుట్ట ఎత్తి క్యారేజీ మీద పెట్టి, ట్యూబు ముక్క తనే కట్టాడు. చైను దారిలో ఒక్కసారి కూడా జారలేదు.

కన్యకాపరమేశ్వరిగారి ఇల్లు అప్పటికే సందడిగా ఉంది. మామిడాకుల తోరణం, గడపకి పసుపు. సత్యవాణి స్టాండు వేసి, చెయ్యి కడిగి, దండ రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ప్రసన్నలక్ష్మి పట్టుచీరలో బయటికొచ్చింది. దగ్గరికి వచ్చింది. వంగింది. కొంగు ముక్కు మీదికి పోలేదు గానీ కనుబొమలు ముడిపడ్డాయి.

"నీచు లేదండి. అస్సలు లేదు," అంది. "కానీ కొబ్బరినూనె వాసన వస్తోంది. అదీ పడట్లేదండి నాకు, రెండు రోజుల్నించీ."

సత్యవాణి చేతుల్లో దండ బరువెక్కింది. ఇంక కడగడానికి ఏమీ మిగల్లేదు. ఆమె కన్యకాపరమేశ్వరిగారి వైపు చూసింది.

ఆవిడ ముందుకొచ్చి దండ మీదికి వంగారు. తొందరపడలేదు. ఈ కొస, ఆ కొస, కుచ్చు. తర్వాత సత్యవాణి కుడిచెయ్యి తనే పట్టుకుని వేళ్ళ దగ్గర వాసన చూశారు. ఇన్నేళ్ళ వాడుకలో ఆవిడ ఆమె చెయ్యి పట్టుకోవడం ఎప్పుడూ లేదు.

"మరువం," అన్నారు. "కాస్త కొబ్బరినూనె. అది నా జడకీ ఉంది." కోడలి వైపు తిరిగారు. "నీకు తాలింపు పడదు, సబ్బు పడదు, మావాడు కొట్టుకునే సెంటు పడదు. నీ ముక్కుతో సంసారం చేస్తే ఈ ఇంట్లో దీపం కూడా వెలగదు. సత్యవాణీ, దండ లోపలికి తీసుకురా. పేరంటాళ్ళ పూలు ఆ పళ్ళెంలో పెట్టు. రేపు మామూలు వాడుకే, కనకాంబరాలు కాస్త ఎక్కువ వెయ్యి."

"అలాగేనండి అమ్మగారూ."

ఇంటికి చేరేసరికి పెదబాబు గట్టు మీద కూచుని ఉన్నాడు. సైకిలు లేని పొద్దు ఆయనకి ఎటూ తోచలేదు.

"ఏమన్నారు?"

"కొబ్బరినూనె వాసన వస్తోందన్నారు."

పెదబాబు కాసేపు ఆలోచించాడు. "పోనీ నెయ్యి రాయి."

"తీసుకున్నారు మావా. వాడుక ఉంది."

"ఉంటుందిలే," అని ఆయన లేచి పంచె దులుపుకున్నాడు, తనకి ముందే తెలిసినట్టు.

మర్నాడు మధ్యాహ్నం సైకిలు మళ్ళీ వచ్చింది. పెట్టెలో సగం చేపలు అమ్ముడుపోనివే. మడ్‌గార్డు మీద చారలు, ఊచలకి పొలుసులు, చైను మీద దిగమర్రు రోడ్డు దుమ్మంతా. పల్లంరాజు చెప్పినట్టే అప్పుడే జిగురు మొదలైంది. సత్యవాణి సైకిల్ని రేవులోకి దించి తలకిందులు చేసింది. క్యారేజీ, మడ్‌గార్డు, ఊచలు అయ్యాక, పాత చీర ముక్క వేలికి చుట్టుకుని చైను లింకు తర్వాత లింకు తుడుస్తూ పోయింది. వరస ఇప్పుడు కాస్త పొడుగైంది. నడుం నొప్పి కూడా.

చివర రెండు చుక్కలు నూనె వేసి చక్రం తిప్పింది. మొదట చప్పుడు ముద్దగా ఉంది. ఆమె మళ్ళీ తిప్పి, పొడి చప్పుడు కోసం చెవి ఒగ్గి కూచుంది.